కొండమీది కసువు



మన చిత్తూరు సీమలో కసువు అనే మాట ఒకటుంది. పొద్దున్నే లేచి వాకిట్లో ఊడ్చి పారబోసేదీ కసువే, సాయంత్రం ఆవు ముందు వేసేదీ కసువే. చెత్తకూ గడ్డికీ మనవాళ్ళు ఒకటే పేరు పెట్టుకున్నారు. ఇంట్లో ఈ మాటతో వచ్చిన ఇబ్బందేమీ లేదు. ఏ కసువును ఊడవాలో, ఏ కసువును దాచాలో ఇల్లాలికి ఒకరు చెప్పనక్కరలేదు. చిక్కంతా కొండ దగ్గర వచ్చింది. కొండమీద చెట్టుంటే అడవి అన్నాం, గడ్డి ఉంటే బంజరు అన్నాం. కాగితాల్లోనూ అట్లాగే రాసుకున్నాం. బంజరు అని ఒకసారి రాసుకున్నాక దానిమీద ఎవరేం చేసినా అడిగే దిక్కుండదు.

ఈవేళ నేను చెప్పబోయేది ఆ కొండల్ని, ఆ కసువును మళ్ళీ బాగుచేసుకుంటున్న వాళ్ళ సంగతి. కొండను బాగుచెయ్యడమంటే ఏముంది, నాలుగు మొక్కలు నాటితే సరి అని మనమంతా అనుకుంటాం. వనమహోత్సవం నాటి ఫోటోలు చూస్తే అట్లాగే అనిపిస్తుంది మరి. ఈ పని ఏళ్ళ తరబడి చేసినవాళ్ళ లెక్క వేరు. నాటడం వాళ్ళకు చివరి పని. చాలాచోట్ల అసలు అక్కరే లేని పని.

మనందరికీ తెలిసిన తిరుమల కొండతోనే మొదలుపెడతాను. కొండమీద చాలాచోట్ల ఒకే రకం చెట్లు గుంపులు గుంపులుగా కనిపిస్తాయి, ఎప్పుడైనా గమనించారా? కొడవలిలాగా వంగిన ఆకులు, పసుప్పచ్చని కంకుల్లాంటి పూలు, చెవి మెలిపెట్టినట్టు చుట్టుకుపోయిన కాయలు. అది అకేషియా. ఆస్ట్రేలియా వైపు నుంచి వచ్చిన తుమ్మ జాతి చెట్టు. కొన్ని దశాబ్దాల క్రితం దాన్ని తెచ్చి విస్తారంగా నాటారు. నాటినవాళ్ళను తప్పుపట్టడానికి లేదు. కొండ బోడిగా ఉంది, తొందరగా పచ్చబడాలి, పశువు నోరు పెట్టని చెట్టు కావాలి. ఈ మూడింటికీ అది సరిపోయింది. పచ్చబడింది కూడా.

పచ్చగా ఉండడం వేరు, అడవిగా ఉండడం వేరు అని తర్వాత తెలిసింది. ఆ చెట్టు కింద ఎండిన ఆకు దుప్పటిలా పేరుకుంటుంది. ఆ దుప్పటి కింద మన చెట్ల విత్తనాలు మొలిచేందుకు చోటు తక్కువ. పిట్టకు తినే పండు లేదు, దుప్పికి మేసే గడ్డి లేదు. అందుకని ఈ మధ్యకాలంలో, 2020 తర్వాత, తిరుమల తిరుపతి దేవస్థానం వారు ఈ చెట్లను విడతలు విడతలుగా తీసి, వాటి స్థానంలో దేశవాళీ చెట్లు పెంచాలని సంకల్పించారు.

విడతలుగా ఎందుకు, ఒక్కసారే కొట్టేస్తే పోలేదా అంటారేమో. మన కొండలకు పెద్దవాన అక్టోబరు, నవంబరు నెలల్లో వస్తుంది. 2021 నవంబరులో కురిసిన వాన మీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. తిరుపతి వీధులు ఏళ్ళయ్యాయి, ఘాట్ రోడ్డు దెబ్బతిన్నది, డిసెంబరు మొదటిరోజున పెద్ద బండరాళ్ళు విరిగి రోడ్డుమీద పడ్డాయి. అట్లాంటి వాన చెట్టూ గడ్డీ లేని ఏటవాలు మీద పడితే మట్టి అంతా కిందికి వస్తుంది. అందుచేత పరాయి చెట్టయినా సరే, మన మొక్క నిలదొక్కుకునే దాకా దాని నీడ వాడుకోవలసిందే. ఇది ఒక ఏడాదిలోనో రెండేళ్ళలోనో తేలే పని కాదు.

పరాయి చెట్టంటే అన్నీ చెడ్డవని కూడా అనకూడదు. హార్స్లీ కొండ చూసినవాళ్ళకు అక్కడి కల్యాణి తెలుసు. 1859లో నాటిన నీలగిరి చెట్టు. నూట అరవై ఏళ్ళు దాటినా ముసలమ్మలా ఠీవిగా నిలబడి ఉంది. ఆ కొండ అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. దొర పేరు వచ్చి పడ్డా మల్లమ్మ కథ పోలేదు. ఒక్క కల్యాణి ఉంటే ముచ్చటే, కొండంతా కల్యాణులే అయితే ఇబ్బంది. సీతాఫలం కూడా అమెరికా ఖండం నుంచి వచ్చిందేనట. దాన్ని మన కొండలనుంచి తీసెయ్యమంటే నేనైతే ఒప్పుకోను!

ఇంతకూ ఈ కొండకు సొంతవాళ్ళెవరు? ఎర్రచందనం సంగతి పత్రికల్లో దొంగరవాణా వార్తల పుణ్యమా అని అందరికీ తెలుసు. ప్రపంచం మొత్తంమీద ఆ చెట్టు సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే, అంటే మన కొండల్లోనూ పక్కనున్న కడప, నెల్లూరు కొండల్లోనూ. దానికన్నా అరుదైనది పెరిత అని ఇంకొకటుంది. ఈతచెట్టుకు తమ్ముడిలా పొట్టిగా ఉంటుంది గానీ ఈత కాదు, ఎంతో పురాతనమైన జాతి. శేషాచలం చుట్టుపక్కల తప్ప ఎక్కడా పుట్టదు. మగచెట్టు మీద వచ్చే కంకి మందుకు పనికొస్తుందని కోసుకుపోయి కోసుకుపోయి దాన్ని కరువు చేశారు. వీటితోపాటు మద్ది, చిరుమాను, బిల్లుడు, జాలారి, మోదుగ, నేరేడు, ఉసిరి, కరక్కాయ, తునికి, బలుసు, కలివి. ఈ సంపద చూసే 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం ఏర్పాటు చేశారు. 2010లో శేషాచలాన్ని జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. 4,755 చదరపు కిలోమీటర్ల ప్రాంతం అది. ఆంధ్ర రాష్ట్రంలో అట్లాంటిది అదే మొదటిది.

ఈ జాబితాలో గడ్డి ఊసు లేదని గమనించారా? ఎవరి జాబితాలోనూ ఉండదు. అందుకే గడ్డి సంగతి చెప్పడానికి మదనపల్లె వైపు తీసుకువెళతాను.

మదనపల్లెకు పది మైళ్ళ దూరంలో ఋషివ్యాలీ ఉంది. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి గారు 1920ల్లో బడి పెట్టడానికి ఎంచుకున్న లోయ. వానలు అంతంతమాత్రం. చుట్టూ రాతి కొండలు. పశువులు మేసి మేసి, వంటచెరుకుకు కొట్టి కొట్టి, ఆ కొండలు బోడిగుండ్లయిపోయాయి. అప్పుడు బడివాళ్ళు పూనుకుని చేసినదేమిటంటే, కొంత మేర కొండకు పశువులు రాకుండా కాపలా పెట్టారు. వాననీరు పరుగెత్తే వంకలకు అడ్డంగా రాళ్ళకట్టలు వేశారు. మొక్కలూ నాటారు. అయితే నాటినవాటికన్నా వాటంతట అవి వచ్చినవి ఎక్కువ ముచ్చట గొలుపుతాయి.

అదెట్లా వస్తాయంటారా? పెరట్లో మునగచెట్టును మొదలుకంటా కొట్టేస్తే నెల తిరక్కుండా గుత్తులు గుత్తులుగా చిగురు వస్తుంది కదా. కొండమీద కూడా అంతే. పైన చెట్టు కనపడదు గానీ, నేల కింద మొద్దూ వేరూ ప్రాణంతో ఉంటాయి. ప్రతి ఏడూ చిగురు వేస్తుంది, ప్రతి ఏడూ మేక కొరికేస్తుంది, లేకపోతే అగ్గి కాల్చేస్తుంది. ఇట్లా ఇరవై ఏళ్ళు, ముప్ఫై ఏళ్ళు. మేకనూ గొడ్డలినీ అగ్గినీ నాలుగేళ్ళు ఆపితే, ముప్ఫై ఏళ్ళ వయసున్న ఆ వేరు ఒక్క ఊపున కొమ్మను పైకి పంపుతుంది. నర్సరీ నుంచి తెచ్చిన జానెడు మొక్క దానితో ఎక్కడ పోటీ పడగలదు? చేసేవాళ్ళు చెయ్యవలసిందల్లా గుంపుగా వచ్చిన చిగుళ్ళలో బలమైనది ఒకటో రెండో ఉంచి మిగతావి తీసెయ్యడమే. మిగతా సేద్యం పిట్టలు చేసుకుంటాయి. బలుసుపండు తిని ఏ కొమ్మమీదో వాలి రెట్ట వేస్తే అక్కడ బలుసు మొలుస్తుంది.

పిట్టలంటే జ్ఞాపకం వచ్చింది. పసుపు గొంతు పిగిలిపిట్ట అని ఒకటుంది. దక్షిణ భారతంలోని రాతి కొండల మీద, తుప్పల్లో తప్ప ఎక్కడా బతకదు. దట్టమైన అడవి దానికి పనికిరాదు, తోటలూ పనికిరావు. మనం పనికిరానివని చెప్పుకునే రాయీ రప్పా తుప్పా ఉంటేనే దానికి కాపురం. ఆ పిట్ట ఋషివ్యాలీ కొండల్లో ఉంది. 1991లో ఆ లోయను పక్షుల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. అక్కడి పక్షుల మీద రంగస్వామి గారు, శ్రీధర్ గారు కలిసి రాసిన పుస్తకం 1993లో వచ్చింది. ఆ పుస్తకం పేరులోనే పక్షులతోపాటు వాటి నివాసాలను తిరిగి నిలబెట్టడం అనే మాట కూడా చేర్చారు. అది నాకు నచ్చింది.

ఇక గడ్డి. కాపలా పెట్టిన కొండమీద చెట్టుకన్నా ముందు లేచేది బోదగడ్డి. నిలువెత్తు పెరుగుతుంది, నలిపితే నిమ్మవాసన వస్తుంది. మన పల్లెల్లో పూరిళ్ళకు కప్పు వేసేది దీనితోనే. చీపురుగడ్డి అని ఇంకొకటుంది. మనం వాడే పొరక అదే. ఈ గడ్డి చేసే పని చూడండి. వాన చినుకు సూటిగా నేలను తాకితే మట్టి చిట్లి కొట్టుకుపోతుంది. గడ్డి దుబ్బు మీద పడితే, పోచ వెంబడి జారి మెల్లగా మొదట్లోకి దిగుతుంది. అక్కడ జల్లెడలాంటి వేళ్ళ గుండా భూమిలోకి ఇంకుతుంది. ఆ ఇంకిన నీరే వంకల్లోకి, బావుల్లోకి ఊరుతుంది. తిరుపతిలో మన కొళాయికి వచ్చే నీళ్ళలో కొంత కల్యాణి డ్యాం నీళ్ళే. 1977లో కట్టిన ఆ డ్యాంకు వచ్చేది శేషాచలం వాలుమీద పడిన వాన. కొండమీద గడ్డి పలచబడితే నీటికి బదులు బురద వచ్చి డ్యాంలో చేరుతుంది. ఇదేమీ పెద్ద శాస్త్రం కాదు. గోనెపట్టా పరిచిన అరుగుమీద, ఉత్త అరుగుమీద చెంబెడు నీళ్ళు పోసి చూస్తే మనకే తెలుస్తుంది.

సంక్రాంతి ముందు మా వీధికి పొరకలు తెచ్చి అమ్మే ఆమె ఒకావిడ ఉంది. పలమనేరు అవతల పల్లె. బేరమాడుతూ ఒకసారి, "ఏమ్మా, గడ్డి కొండమీద ఊరికే కాస్తుంది కదా, కట్టకు ఇంత చెబుతావేం?" అన్నాను. ఆమె కట్ట తిరగేసి మొదళ్ళు చూపించింది. "ఇది కోసింది అక్కా, పీకింది కాదు. పీకితే పొరక బిగువుగా వస్తుంది, తొందరగా పని ఐపోతుంది. వేరుతో పీకేస్తే వచ్చే ఏడు నేను యాడికి పోయేది?" అంది. నిజమే మరి. కొడవలితో పైన కోస్తే దుబ్బు మళ్ళీ వేస్తుంది. కంకి పండి గింజ రాలాక కోస్తే ఇంకా మంచిది. పీకితే అక్కడ మట్టి మిగులుతుంది, ఆ మట్టి వానకు పోతుంది. కొండను కాపాడేవాళ్ళంటే మనకు ఖాకీ దుస్తుల వాళ్ళే కళ్ళముందు మెదులుతారు. పొరకల కట్ట నెత్తిన పెట్టుకుని తిరిగే ఆమె కూడా ఆ లెక్కలోకి రావలసిన మనిషే.

లెక్కలోకి రావలసిన మనిషి అని ఎందుకన్నానో చెబుతాను. కొండను బాగుచెయ్యాలంటే మొదట కొండకు తలుపు వెయ్యాలి. మేకను ఆపాలి, పుల్లలు ఏరేవాళ్ళను ఆపాలి. ఊరి పెద్దలు రచ్చబండ దగ్గర కూర్చుని "ఈ ఐదేళ్ళు కొండ బంద్" అని తీర్మానం చేసి లేస్తారు. ఆ రాత్రి పొయ్యిలోకి పుల్ల ఎక్కడనుంచి రావాలో ఆ తీర్మానంలో ఉండదు. ఆడది ఇంకో రెండు మైళ్ళు నడిచి పక్క ఊరి కొండకు వెళ్ళాలి, అక్కడివాళ్ళతో మాటలు పడాలి. మేక కూడా చాలా ఇళ్ళల్లో ఆడవాళ్ళ ఆస్తే. బిడ్డ జబ్బుకో, బడి ఫీజుకో అమ్ముకునే బ్యాంకు అది. అడవి బాగుపడిందని ఫోటో తీసినప్పుడు ఈ ఖర్చు ఆ ఫోటోలో పడదు.

ఈ పొరపాటు మన రాష్ట్రంలో కొంత సర్దుకుంది. 1992లో వనసంరక్షణ సమితులు మొదలైనప్పుడు ఇంటికి ఒక మగవారు, ఒక ఆడవారు సభ్యులుగా ఉండాలన్నారు. 2002లో కార్యవర్గంలో సగం స్థానాలు ఆడవాళ్ళవన్నారు. 1999లో దీపం పథకం కింద పేద ఇళ్ళకు గ్యాసు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, అడవిమీద వంటచెరుకు భారం తగ్గించడం కూడా దాని ఉద్దేశాల్లో ఒకటి. అయితే కాగితం మీద సగం వేరు, మాట చెల్లుబాటు వేరు. సమావేశానికి వెళ్ళి గోడవారగా కూర్చుని వచ్చేస్తే ఏం లాభం? బీనా అగర్వాల్ గారనే ఆర్థిక శాస్త్రవేత్త గుజరాత్‌లోనూ నేపాల్‌లోనూ ఇట్లాంటి అడవి సంఘాలను పరిశీలించి 2010లో ఒక పెద్ద పుస్తకం వెలువరించారు. కార్యవర్గంలో ఆడవాళ్ళు తగినంతమంది ఉన్నచోట అడవి మెరుగ్గా కోలుకుందని ఆవిడ తేల్చారు. ఉన్నది ఒకరిద్దరే అయితే వాళ్ళ నోరు పెగలదు. ఇది ఏ మహిళామండలి సభ్యురాలినడిగినా చెబుతుంది!

తలుపు పూర్తిగా మూసెయ్యకుండా ఒక దారి ఉంది. మేకను లోపలికి రానివ్వరు, గడ్డిని మాత్రం కోసుకుపోనిస్తారు. ఋతువు చూసి, ఇంటికి ఒకరు చొప్పున కొడవలితో రావచ్చు. ఎండిపోయిన గడ్డి కోస్తే వేసవిలో అగ్గికి మేత తగ్గుతుంది, ఇంట్లో ఆవుకు మేత పెరుగుతుంది. ఇట్లాంటి కట్టుబాట్లతో ఊరుమ్మడి కొండల్ని చూసుకునే పల్లెలు మదనపల్లె చుట్టుపక్కల ఉన్నాయి. వాళ్ళకు తోడుగా పనిచేసే సంస్థల్లో ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ ఒకటి. దాని పుట్టుక మనబోటి పాలకొనే ఆడవాళ్ళకు తమాషాగా ఉంటుంది. అమూల్ పాల కురియన్ గారున్నారు చూశారూ, ఆయన అధ్యక్షులుగా ఉన్న జాతీయ పాడిపరిశ్రమాభివృద్ధి సంస్థ 1986లో, పాలసంఘాల పద్ధతిలోనే చెట్లు పెంచేవాళ్ళ సహకార సంఘాలు పెట్టింది. పాలు కావాలంటే గడ్డి కావాలి, గడ్డి కావాలంటే ఊరుమ్మడి భూమి బాగుపడాలి. ఆ సంఘాల సమాఖ్యలోంచి 2001లో ఈ సంస్థ వచ్చింది.

ఇక కొండమీద కలుపు తియ్యడం గురించి. లంటానా అని మీరంతా చూసే ఉంటారు. పులికంప అనీ అంటారు. ఒకే గుత్తిలో పసుపు, నారింజ, గులాబీ రంగుల చిన్నచిన్న పూలు. ఎంత అందంగా ఉంటుందో చెప్పలేను. ఆ అందానికే దొరసానులు మురిసి రెండువందల ఏళ్ళ క్రితం మన దేశపు తోటల్లోకి తెచ్చుకున్నారు. ఆకు పశువులకు విషం, అందుకని ఏదీ ముట్టదు. పండు పిట్టలు తింటాయి, అందుకని విత్తనం ఊరూరా తిరుగుతుంది. ఇప్పుడది తోట దాటి కొండలన్నీ ఎక్కి, గడ్డిమీద గొడుగులా పరుచుకుంది. గడ్డికి ఎండ లేదు, ఎండ లేకపోతే గడ్డి లేదు. పైన కొట్టేస్తే మునగలాగా అది కూడా నాలుగు రెట్లు చిగురిస్తుంది. మునగకు మేలు చేసిన గుణం ఇక్కడ కీడయింది. అందుకని ఈ పని తెలిసినవాళ్ళు మొక్కను పైన నరకరు. మట్టి కొద్దిగా తీసి, కాండం వేరుతో కలిసే చోటికి రెండుమూడు అంగుళాల కిందికి కోసి, మొక్కను తలకిందులుగా పెడతారు. నేల తగిలితే మళ్ళీ వేరుపోసుకునే గడుసుతనం దానిది. అంతా తీశాక అక్కడ వెంటనే గడ్డి విత్తనం చల్లాలి. ఖాళీ ఉంచితే మళ్ళీ అదే వస్తుంది. రెండేళ్ళ పాటు పిల్ల మొక్కల్ని ఏరుతూనే ఉండాలి. వంగి చేసే పని, చేతులు చీరుకుపోయే పని. కూలికి వచ్చేవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ.

అగ్గి సంగతి చెప్పకుండా ఈ ప్రసంగం ముగించలేను. 2014 మార్చిలో తిరుమల కొండలు అంటుకున్నప్పుడు వైమానిక దళం హెలికాప్టర్లు వచ్చి నీళ్ళు కుమ్మరించవలసి వచ్చింది. ఎండిన గడ్డి, ఎండిన ఆకు, పైన గాలి. బీడీ ముక్క ఒకటి చాలు. మంద తోలుకునేవాళ్ళు కొత్త చిగురు కోసం కావాలని పెట్టే అగ్గీ ఉంటుంది. అందుకే వేసవి రాకముందే, మాఘమాసం నాటికల్లా, కొండమీద బారుగా గడ్డి కోసి నేల శుభ్రం చేసి అగ్గి దాటకుండా గీతలు తీస్తారు. ఇంట్లో పొయ్యి చుట్టూ అలికి శుభ్రంగా ఉంచుకున్నట్టే.

అయితే అగ్గి ఎప్పుడూ శత్రువేనా అంటే, అక్కడ పండితులు కూడా తలా ఒక మాట అంటారు. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 1930ల్లో ఒక పాత వ్యవసాయ భూమిని తీసుకుని, అక్కడ పూర్వం ఉన్న పచ్చికబయలును మళ్ళీ తెప్పించాలని చూశారు. గడ్డి విత్తనాలు తెచ్చి చల్లారు, కలుపు తీశారు, ఫలితం అరకొరగానే ఉంది. కొన్నేళ్ళకు తెలిసిందేమంటే, ఆ గడ్డికి అప్పుడప్పుడు అగ్గి కావాలి. అగ్గి లేకపోతే పొదలు కమ్మేస్తాయి. అక్కడి ఓక్ చెట్లలో మందపాటి బెరడున్న జాతి ఆ మంటను తట్టుకుని నిలుస్తుంది. ఇప్పుడు వాళ్ళు గాలి దిశ చూసుకుని, మనుషుల్ని చుట్టూ నిలబెట్టి, కావాలని కాలుస్తారు. షికాగో పక్కన 1977 నుంచి మామూలు సంసారులు సెలవు రోజుల్లో వచ్చి ఇట్లాంటి బయళ్ళల్లో కలుపు తీస్తున్నారు, విత్తనాలు ఏరుతున్నారు.

అంత దూరం ఎందుకు, మన పక్కనున్న కర్ణాటకలో బిళిగిరి రంగన కొండల మీద సోలిగులనే గిరిజనులున్నారు. పూర్వం తాము చలికాలం చివర చిన్నపాటి మంటలు పెట్టేవాళ్ళమనీ, ఆ ఆచారాన్ని ప్రభుత్వం మానిపించాకే లంటానా పెరిగిపోయిందనీ వాళ్ళ పెద్దలు చెబుతారు. పరిశోధకులు ఆ మాటను శ్రద్ధగా రాసుకున్నారు. నా మట్టుకు నేను ఆ మాట విని తిరుమల కొండకు అగ్గి పెట్టమని అనను. నడకదారిలో వేలమంది జనం, మార్చినెల గాలి, పెరితలాంటి అరుదైన చెట్లు. కానీ ఆ కొండమీద పుట్టి పెరిగిన వాళ్ళనడిగి తెలుసుకోవడంలో నామోషీ ఏముంది?

మన రాయలసీమలోనే, అనంతపురం వైపు, ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లాలో చెన్నేకొత్తపల్లి దగ్గర కల్పవల్లి అనే చోటుంది. 1990లో బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం దంపతులూ వారి మిత్రులూ కలిసి ముప్ఫై రెండెకరాల బీడు భూమిలో టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ పెట్టారు. తర్వాత చుట్టుపక్కల పల్లెలవాళ్ళు, ముష్టికోవెల మొదలుగా, తమ చెరువుకు నీరిచ్చే గుట్టల్ని తామే కాపాడుకోవడం మొదలుపెట్టారు. ఊరివాళ్ళే కాపలా, ఊరివాళ్ళే ఏటా అగ్గిగీతలు. అట్లా ఏడువేల ఎకరాల పైచిలుకు గుట్టలు బోదగడ్డితో, ఈతచెట్లతో నిండాయి. ఈతాకుతో చాపలూ చీపుర్లూ అల్లుకుంటారు. తోడేళ్ళు తిరిగి వచ్చాయి. మన దేశంలో పిల్లలకు కథల్లో తప్ప తోడేలు కనపడని రోజుల్లో!

మరి అంత చేశాక ఏమైంది? ఆ భూమి ఊరివాళ్ళ పేరున లేదు, రికార్డుల్లో బంజరుగానే ఉంది. 2010 ప్రాంతంలో దానిమీద గాలిమరలు వచ్చాయి. మరకు ఒక రోడ్డు చొప్పున గుట్టల్ని తొలిచారు. తీసిన మట్టిని వాలుమీదికి తోశారు. ఆ మట్టి వానకు వంకల్లోకి దిగింది. ఊళ్ళవాళ్ళు హరిత ట్రిబ్యునల్ గడప తొక్కవలసి వచ్చింది. గాలితో కరెంటు మంచిదే, ఎవరు కాదంటారు? కానీ ఇరవై ఏళ్ళ కాపలాకు విలువ కట్టే గడి ఆ కాగితంలో లేకపోయింది. మన ప్రభుత్వం వారు బంజరు భూముల పటాల పుస్తకం అచ్చువేస్తుంటారు. అందులో తుప్పలున్న నేల, మేతబీళ్ళు కూడా బంజరు కిందనే వస్తాయి. పేరు మార్చకుండా కొండను మార్చి ఏం లాభమని ఆ గుట్టలు కాపాడుకున్నవాళ్ళకు అనిపిస్తే ఆశ్చర్యమేముంది?

వ్యవధి అయిపోవస్తోంది. మీ పెరట్లోనో, కుండీలోనో లంటానా ఉంటే, పూవు వాడగానే గుత్తి తుంచెయ్యండి, నల్లపండు కట్టనివ్వకండి. తీసెయ్యదలచుకుంటే పైన చెప్పినట్టు మట్టి తీసి లోపలికి కోయండి. నడకదారిన కొండ ఎక్కేవాళ్ళు మాఘం నుంచి వానలు పడేదాకా మెట్టు మెట్టుకూ కర్పూరం వెలిగించేటప్పుడు పక్కన ఎండుటాకు లేకుండా చూసుకోండి, ఆరిందాకా అక్కడే నిలబడండి. పొరకలు కొనేటప్పుడు కట్ట తిరగేసి మొదళ్ళు చూడండి. వేళ్ళూ మట్టీ అంటుకుని ఉంటే అది పీకింది, నున్నగా తెగి ఉంటే అది కోసింది. కోసినదానికి ఒక రూపాయి ఎక్కువ చెబితే బేరమాడకండి.